ఓడిపోతే మీరేం చేస్తారు? సూపర్‌జెయింట్ అయిదు గేముల్లో ముందు ఏది కొనాలి

మా బావమరిది ఏడాదికి ఒక్క గేము కొంటాడు. అదీ డిసెంబరులో, కంప్యూటరు గేములు అమ్మే ఆన్‌లైన్ కొట్టు స్టీమ్ సేల్ పెట్టినప్పుడు. కొనేముందు నాకు ఫోన్ చేస్తాడు. పోయినసారి అడిగిన ప్రశ్న ఇది: "బావా, సూపర్‌జెయింట్ వాళ్ళవి అయిదున్నాయి. అందరూ హేడిస్ అంటున్నారు. అదే కొనేయనా?"

ఆగమన్నాను. ఈ అబ్బాయి క్యారమ్స్‌లో రెండు బోర్డులు వరసగా పోతే "ఈ స్ట్రైకర్ బాలేదు" అని లేచిపోయే రకం. అరగంట కష్టపడి, చచ్చి, మళ్ళీ మొదటి గది నుంచి మొదలుపెట్టమంటే ఊరుకుంటాడా?

అప్పుడే తట్టింది. ఈ కంపెనీ గేముల్లో ఏది మంచిదని అడిగితే జవాబు తేలదు, అయిదూ మంచివే. ఓడిపోయినప్పుడు మీకు ఏమనిపిస్తుంది, ఆ తర్వాత ఏం చేస్తారు అని అడిగితే ఇట్టే తేలిపోతుంది. ఎందుకంటే ఓటమి విషయంలో ఈ అయిదు గేములూ అయిదు రకాలుగా నడుచుకుంటాయి.

కంపెనీ గురించి నాలుగు ముక్కలు ముందు చెప్పాలి, ఎంపికకు పనికొస్తాయి. అమీర్ రావ్, గావిన్ సైమన్ అనే ఇద్దరు లాస్ ఏంజెలెస్‌లో ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్) అనే పెద్ద గేముల కంపెనీలో ఉద్యోగాలు వదిలేసి 2009లో సూపర్‌జెయింట్ గేమ్స్ మొదలుపెట్టారు. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో అమీర్ వాళ్ళ నాన్నగారి ఇంట్లో మకాం. హాల్లో కంప్యూటర్లు పెట్టుకుని మొదటి గేము బాస్టియన్ తయారుచేశారు. అంతా కలిపి ఏడుగురు. దాన్ని 2011లో వార్నర్ బ్రదర్స్ పబ్లిష్ చేసింది. రెండోది ట్రాన్సిస్టర్ నుంచి తయారీ, పబ్లిషింగ్ రెండూ వాళ్ళే చూసుకుంటున్నారు. పండించినవాడే సంతలో కూర్చుని అమ్ముకున్నట్టు. పై నుంచి "ఈ ఏడాది దీపావళికి రెండో భాగం కావాలి" అనే ఒత్తిడి లేదు కాబట్టి, 2011 నుంచి 2025 దాకా అయిదంటే అయిదే గేములు వచ్చాయి. వాటిలో రెండో భాగం అన్నది ఒక్కటే, హేడిస్ 2.

ఇంకో సంగతేమిటంటే మనుషులు మారలేదు. బొమ్మలు జెన్ జీ, రాత గ్రెగ్ కసావిన్, సంగీతం డారెన్ కోర్బ్, గొంతు లోగన్ కన్నింగ్‌హామ్. బాస్టియన్ నాటికి కోర్బ్, కన్నింగ్‌హామ్ న్యూయార్క్‌లో రూమ్మేట్లు. బట్టలు పెట్టుకునే చిన్న గదిలో మైకు పెట్టి ఆ గేముకి గొంతు రికార్డు చేశారు. హేడిస్‌కి వచ్చేసరికి కోర్బ్ సంగీతం ఇస్తూనే కథానాయకుడికి గొంతు కూడా ఇచ్చాడు. కన్నింగ్‌హామ్ అయితే పాతాళ ప్రభువుకి, సముద్ర దేవుడికి, గ్రీకు వీరుడు అకిలీస్‌కి కూడా తానే పలికాడు. తెలియకుండా ఆడితే ముగ్గురూ ఒకరేనని కనిపెట్టలేరు. అందుకని ఏది కొన్నా పాట, మాట, బొమ్మ విషయంలో మోసపోరు. తేడా ఉండేది ఆటలోనే.

బాస్టియన్: పడినా పరవాలేదు

ప్రపంచం ముక్కలై గాల్లో తేలుతూ ఉంటుంది. పేరు కూడా లేని ఒక కుర్రాడు నిద్రలేస్తాడు. అడుగు వేస్తే ఆ అడుగు కిందికి నేల ముక్క ఎక్కడి నుంచో లేచి వచ్చి అతుక్కుంటుంది. మరో అడుగు, మరో ముక్క. వెనకాల ఒక ముసలాయన బొంగురు గొంతుతో మీరు చేసే ప్రతి పనికీ వ్యాఖ్యానం చెబుతుంటాడు. మనకి ఇది కొత్తేమీ కాదు. తోలుబొమ్మలాటలో తెర వెనక గొంతు బొమ్మని నడిపించినట్టు ఉంటుంది. తేడా ఏమిటంటే ఇక్కడ బొమ్మ ముందు కదులుతుంది, గొంతు దాని వెంట పడుతుంది. మీరు ఊరికే నిలబడి చుట్టూ ఉన్న పెట్టెలూ కుండలూ పగలగొడుతూ కూర్చుంటే, కుర్రాడు కాసేపు కోపం తీర్చుకున్నాడని ఆయన అంటాడు. మొదటిసారి నాకు భలే సిగ్గేసింది.

అంచు చూసుకోకుండా నడిస్తే కింద పడతారు. పడితే కొంచెం ప్రాణం తగ్గి, పై నుంచి మళ్ళీ అదే నేల మీద దబ్బున పడతారు. అంతే. మొదట్లో ఒకసారి అలా పడితే, పడి చచ్చిపోయాడని చెప్పి, ఒక్క క్షణం ఆగి, ఊరికే అన్నానులే అంటాడు ముసలాయన. ఓటమి ఇక్కడ తాతగారి వేళాకోళం లాంటిది. దెబ్బ తగిలినా నొప్పి ఉండదు.

ఆయుధాలు పదకొండు, సుత్తి మొదలుకుని. ఒక్కోసారి రెండు మాత్రమే పట్టుకెళ్ళాలి. గేము మరీ తేలికగా ఉందనుకునేవాళ్ళకి గుడి ఉంది. అక్కడ దేవుళ్ళని పిలిస్తే శత్రువులకి బలం పెరుగుతుంది, మీకు ఫలితమూ పెరుగుతుంది. దేవుణ్ణి వేడుకుని మరీ కష్టాలు తెచ్చుకోవడమన్నమాట. నాకు ఏడెనిమిది గంటల్లో అయిపోయింది. ఏళ్ళుగా గేములు ముట్టనివాళ్ళకి, ఉద్యోగం చేసి వచ్చి రాత్రి గంట మాత్రమే ఖాళీ దొరికేవాళ్ళకి ముందు దీన్నే చెబుతాను. లోపం కూడా చెప్పాలి. 2014 తర్వాత వచ్చిన వాళ్ళ గేములు ఆడి దీనికి వస్తే పోరాటం కాస్త మందకొడిగా అనిపిస్తుంది. అందుకే కొనేట్టయితే ముందే కొనాలి, చివర్లో కాదు.

ట్రాన్సిస్టర్: ఓడితే చేతిలోది పోతుంది

ఇది సాఫ్ట్‌వేర్ వాళ్ళకి. ఆ మాట ఊరికే అనడం లేదు. ఇందులో శక్తుల పేర్లు క్రాష్(), స్పార్క్(), పింగ్(), లోడ్(), వాయిడ్()... బ్రాకెట్లతో సహా. మొత్తం పదహారు. ఒక్కోదాన్నీ మూడు రకాలుగా వాడొచ్చు: నేరుగా దెబ్బ కొట్టడానికి, ఇంకో శక్తికి తోడుగా తగిలించడానికి, లేదా ఒంటికి రక్షగా పెట్టుకోవడానికి. గచ్చిబౌలిలో పని చేసే మిత్రుడొకడు పోరాటం మానేసి ఈ కలయికల మెనూలోనే గంటలు గడిపాడు. "ఆఫీసులో చేసేదీ ఇదే కదరా" అంటే, "ఇక్కడ మీటింగులు లేవు" అన్నాడు.

కథానాయిక రెడ్ ఒక గాయని. క్లౌడ్‌బ్యాంక్ అనే నగరంలో ఆమె మీద దాడి జరుగుతుంది, గొంతు పోతుంది. ఆమెని కాపాడబోయి చనిపోయిన మనిషి గొంతు ఒక పెద్ద కత్తిలో చిక్కుకుపోతుంది. ఆ కత్తిని ఈడ్చుకుంటూ ఆమె నడుస్తుంది, అది మాట్లాడుతుంది. ఒక బటన్ నొక్కి పట్టుకుంటే ఆమె ఆగి, వెనక వస్తున్న పాటకి కూనిరాగం తీస్తుంది. దానివల్ల ఆటలో ఒక్క పాయింటూ రాదు. అయినా నేను ప్రతి వీధి మలుపులోనూ నొక్కాను.

పోరాటంలో టర్న్() అని ఒకటుంది. నొక్కితే లోకమంతా ఆగిపోతుంది. ఎక్కడికి నడవాలో, ఎవర్ని ఏ వరసలో కొట్టాలో తీరిగ్గా గీసుకుని వదిలితే, రెప్పపాటులో అదంతా జరిగిపోతుంది. వేళ్ళ వేగం తక్కువున్నవాళ్ళకి ఇది వరమే. కాకపోతే టర్న్() అయ్యాక కాసేపు దాదాపు ఏమీ చెయ్యలేని స్థితి. లెక్క తప్పితే అప్పుడే వాయించేస్తారు.

ఇక ఓటమి. ప్రాణం అయిపోతే గేము ముగియదు, మీ శక్తుల్లో ఒకటి కొంతసేపు పనిచేయడం మానేస్తుంది. సాధారణంగా మీరు నమ్ముకున్నదే పోతుంది. అప్పుడు ఎన్నడూ ముట్టుకోని శక్తిని బయటికి తియ్యాల్సి వస్తుంది. పైగా ఒక్కో శక్తి ఒక్కో మనిషి ఆనవాలు. దాన్ని మూడు రకాలుగానూ వాడి చూస్తేనే ఆ మనిషి ఫైలు పూర్తిగా తెరుచుకుంటుంది. అంటే కథ మొత్తం తెలియాలంటే అలవాటు మార్చుకోక తప్పదు. నాకైతే అయిదింటిలోనూ తెలివైన అమరిక ఇదే. కానీ కథని ముక్కలుగా, సగం సగంగా చెబుతుంది. మొదటి రెండు గంటలూ ఏం జరుగుతోందో అర్థం కాక నా భార్య "ఇంతకీ వాళ్ళెవరు?" అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. సూటిగా కథ చెప్పాలని కోరుకునేవాళ్ళు దీన్ని పక్కన పెట్టండి.

పైర్: ఓడినా కథ ఆగదు, గెలిస్తేనే గుబులు

2017లో వచ్చిన ఈ గేము గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నేను మాత్రం దీని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

చదవడం నేరమైన రాజ్యం. చదువొచ్చిన పాపానికి మిమ్మల్ని కిందిలోకంలోకి వెలివేస్తారు. అక్కడ మీలాంటి బహిష్కృతుల బృందమొకటి బండి కట్టుకుని తిరుగుతూ ఉంటుంది. మీసాల కుక్క ఉంది, తనని తాను వీరుడిగా చెప్పుకునే పాములాంటి ప్రాణి ఉంది, కొమ్ములున్న పెద్దావిడ ఉంది. తిరిగి పైకి వెళ్ళాలంటే ఒకటే దారి: ముగ్గురు ముగ్గురుగా ఆడే ఒక ఆటలో గెలవాలి.

బయట దీన్ని బాస్కెట్‌బాల్‌తో పోలుస్తారు. మన కంటికి మాత్రం ఇది కబడ్డీయే. జట్టులో ఒకసారికి ఒక్కరే కదులుతారు, మిగతావాళ్ళు నిలబడి కాపలా. ఒక్కొక్కరి చుట్టూ కాంతి వలయం ఉంటుంది, అది తగిలితే ఎదుటివాడు కొద్ది సేపు అవుట్. మధ్యలో ఉన్న గోళాన్ని పట్టుకున్న మరుక్షణం మీ వలయం మాయమవుతుంది. అంటే కూతకి వెళ్ళినవాడు ఎంత మొనగాడైనా ఒంటరే. అలా తప్పించుకుంటూ వెళ్ళి అవతలి జట్టు మంటలో గోళంతో సహా దూకాలి. దూకినవాడు తర్వాతి రౌండులో ఉండడు. పాయింటు తెచ్చినవాడే బయట కూర్చుంటాడన్నమాట, కాబట్టి మీ మేటి ఆటగాణ్ణి ఎప్పుడు వాడాలో ఆలోచించుకోవాలి.

మ్యాచ్ ఓడిపోతే? ఏమీ కాదు. మళ్ళీ ఆడమని అడగరు. ఓడారని రాసుకుని బండి ముందుకి సాగుతుంది, అందరూ ఆ ఓటమి గురించి మాట్లాడుకుంటారు. గెలిచినప్పుడే అసలు కష్టం. కొన్ని మ్యాచులు విముక్తి కోసం జరుగుతాయి. గెలిస్తే మీ జట్టులో ఒక్కరికి స్వేచ్ఛ దొరుకుతుంది. ఎవరికో మీరే ముందు చెప్పాలి. అలా వెళ్ళినవాళ్ళు ఇక తిరిగి రారు. ఊరి జట్టులో బాగా ఆడేవాడికి రైల్వేలో ఉద్యోగం వస్తే ఊరంతా సంతోషిస్తుంది, పై ఆదివారం మ్యాచ్‌కి మాత్రం దిక్కు ఉండదు. సరిగ్గా అదే పరిస్థితి. నేను మొదటిసారి మీసాల కుక్కని పంపించాను, అది పరుగులో దిట్ట. పంపించాక మూడు మ్యాచులు వరసగా పోయాయి. ఇంకో సంగతి, విముక్తి మ్యాచ్ మీరు ఓడిపోతే ఎదుటి జట్టు మనిషికి స్వేచ్ఛ వస్తుంది. ఆ మనిషి కథ విన్నాక, కావాలని ఓడిపోదామా అని కూడా అనిపిస్తుంది.

చదవడం చాలా ఉంటుంది. తెలుగు లేదు. పాత్రలు పలికేది కల్పిత భాష, కాబట్టి కింద వచ్చే ఇంగ్లీషు చదువుకోవాల్సిందే, అది కూడా కాస్త పాతకాలపు ఇంగ్లీషు. నవల చదివే ఓపిక ఉన్నవాళ్ళకే ఇది. నింటెండో వాళ్ళ గేము యంత్రం స్విచ్‌కి రాలేదు, పీసీ, సోనీ వాళ్ళ పీఎస్4లలోనే ఉంది. అయిదింటిలో ఇద్దరు పక్కపక్కన కూర్చుని పోటీపడి ఆడుకునే వీలున్నది ఇదొక్కటే. సంక్రాంతికి ఇల్లు నిండినప్పుడు ఇది తీసినంత లాభం ఇంకోటి తీస్తే రాదు.

హేడిస్: చచ్చి ఇంటికి రండి

గ్రీకు పురాణాల్లోని పాతాళ ప్రభువు హేడిస్ కొడుకు జాగ్రియస్ ఇంట్లోంచి పారిపోవాలనుకుంటాడు. ఒక్కో గది దాటుకుంటూ పైకి వెళ్ళాలి. దారిలో జ్యూస్, అథీనా, పొసైడన్ లాంటి దేవతలు వరాలిస్తారు. ఏ వరాలు ఏ వరసలో దొరుకుతాయో ప్రతిసారీ మారుతుంది. చస్తే ఆ వరాలన్నీ పోతాయి, ఇంట్లో ఉన్న రక్తపు కొలనులోంచి తడిబట్టలతో పైకి లేస్తారు.

హేడిస్ పేరు నిలబెట్టింది ఆ కొలను గట్టే. ద్వారం దగ్గర నిద్రదేవుడు హిప్నోస్ చేతిలో చిట్టా పట్టుకుని నిలబడి, మిమ్మల్ని ఈసారి ఏది చంపిందో చదివి ఒక పనికిమాలిన సలహా ఇస్తాడు. మూడు తలల కుక్కని నిమరొచ్చు. ఆ పక్కనే బల్ల మీద కాగితాల గుట్ట ముందేసుకుని కూర్చున్న నాన్న తల ఎత్తకుండానే, నీవల్ల అయ్యే పని కాదని అంటాడు. ఏ ఊళ్ళో పుట్టిన కొడుక్కైనా ఆ సీను అర్థమవుతుంది. ఇంకాస్త ముందుకెళితే, దారిలో మిమ్మల్ని చంపిన మెగీరా విశ్రాంతి గదిలో కూర్చుని ఉంటుంది. వెళ్ళి పలకరించొచ్చు. ప్రతి చావుకీ ఇంట్లో కొత్త మాట ఉంటుంది. రికార్డు చేసిన డైలాగులు 20,000 పైనే కాబట్టి ఆ కొత్తదనం గంటలకొద్దీ అయిపోదు. కొన్నాళ్ళకి చావు కోసం ఎదురుచూసే పరిస్థితి వస్తుంది, ఇంట్లో ఏం జరిగిందో తెలుసుకోవడానికి.

ఇలా పదును తేలడం వెనక ఓ కారణం ఉంది. 2018 డిసెంబరులో సగం తయారైన గేమునే అమ్మకానికి పెట్టి, దాదాపు రెండేళ్ళు ఆడేవాళ్ళ మాట వింటూ మార్చుకుంటూ వచ్చారు. పూర్తి రూపం 2020 సెప్టెంబరు 17న వచ్చింది. మరుసటి ఏడాది సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డుల్లో వీడియో గేముకంటూ పెట్టిన ప్రత్యేక బహుమతి, బ్రిటన్ వాళ్ళ బాఫ్టా అవార్డుల్లో ఉత్తమ గేము, రెండూ దీనికే.

మరి బావమరిదిని ఎందుకు ఆపాను? మొదటిసారి బయటపడటానికి నాకు ఇరవై సార్లకు పైగా పట్టింది. బయటపడినా కథ అయిపోదు. అసలు ముగింపు చూడాలంటే పదిసార్లు గెలవాలి. పట్టువదలని విక్రమార్కుడిలా మళ్ళీ మళ్ళీ అదే దారి పట్టేవాళ్ళకి ఇంతకు మించిన గేము లేదు. అరగంట శ్రమ ఆవిరైతే బీపీ పెరిగేవాళ్ళకి ఇది పరీక్షే.

వాళ్ళకీ ఒక ఉపాయం ఉంది. సెట్టింగుల్లో గాడ్ మోడ్ ఆన్ చేస్తే మీకు తగిలే దెబ్బ 20 శాతం తగ్గుతుంది, ఆ తర్వాత చచ్చినప్పుడల్లా ఇంకో 2 శాతం చొప్పున, 80 దాకా తగ్గుతూ పోతుంది. కథలో ఒక్క అక్షరం కూడా తగ్గదు. దీన్ని వాడటం చిన్నతనం అనుకునేవాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళలో సగంమంది ముగింపు చూడలేదు.

హేడిస్ 2: ఇల్లూ వాకిలీ కూడా చూసుకోవాలి

2024 మేలో ఇదీ సగంలో వచ్చి, 2025 సెప్టెంబరు 25న పీసీ, స్విచ్‌లలో పూర్తయింది. ఈసారి జాగ్రియస్ చెల్లెలు మెలినోయి. కాలదేవుడు క్రోనోస్ ఆ ఇంటిని ఆక్రమించుకున్నాడు. కిందికి వెళ్ళి అతన్ని ఎదుర్కోవాలి, మరో దారిలో పైకి, దేవతలుండే ఒలింపస్ కొండ దాకా కూడా వెళ్ళాలి. ఒక గేము ధరకి రెండు దారులు, పరిమాణంలో మొదటిదానికన్నా బాగా పెద్దది.

కానీ పని కూడా పెరిగింది. మూలికలు పీకాలి, వెండి తవ్వాలి, చేపలు పట్టాలి, విత్తనాలు నాటాలి, అవన్నీ తెచ్చి కాగులో వేసి మంత్రం చదవాలి. బలం పెంచుకోవడానికి 25 కార్డుల పేక. పోరాటంలోనూ బటన్ నొక్కి పట్టుకుని మాయాశక్తి ఖర్చు చేసే దెబ్బలు వచ్చాయి, అంటే దూకడం కన్నా ఎక్కడ నిలబడాలన్న ఆలోచన ఎక్కువ. ఓడిపోయి వచ్చినా సంచిలో ఏవో నాలుగు మూలికలు మిగులుతాయి కాబట్టి ఉత్త చేతులతో వచ్చామనిపించదు. ఖాళీగా ఉండలేని మనుషులకి ఇది నచ్చుతుంది. నాకు మాత్రం ఆ సరుకుల చిట్టా ఒక్కోసారి కిరాణా కొట్టు పద్దులా అనిపించింది. ఆటగా చూస్తే మొదటిదాన్ని మించింది, ఇంటి మనుషుల కథగా చూస్తే మొదటిదే ముందు. పైగా రెండోది ముందు ఆడితే మొదటిదాని ముగింపు తెలిసిపోతుంది. కాబట్టి హేడిస్ ఆడకుండా దీన్ని కొనకండి, ఎంత తగ్గింపు ఇచ్చినా సరే.

డబ్బులు, కంప్యూటరు

ధరలు మారుతూ ఉంటాయి కాబట్టి అంకెలు రాయను. పాత మూడూ సేల్‌లో బాగా దిగివస్తాయి, వాటిని మామూలు ధరకి కొనాల్సిన పనే లేదు. కోరికల జాబితాలో పెట్టుకుంటే తగ్గిన రోజు మెయిల్ వస్తుంది. కంప్యూటరు పాతదైతే బాస్టియన్ బెంగలేకుండా నడుస్తుంది, ఒక జీబీ జాగా చాలు. హేడిస్‌కి కనీసం 4 జీబీ ర్యామ్, 15 జీబీ జాగా కావాలి. హేడిస్ 2 కనీసం 8 జీబీ ర్యామ్ అడుగుతుంది, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ఆఫీసు ల్యాప్‌టాప్‌లో దాన్ని పెట్టాలని చూడకండి. నేను చూశాను. ఫ్యాను మోతకి పక్కగదిలోంచి అమ్మ "మిక్సీ ఎవరు వేశారు?" అని అడిగింది. నప్పకపోతే స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపల, రెండు గంటలకి మించి ఆడకుండా ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. ట్రాన్సిస్టర్ విషయంలో మాత్రం ఆ రెండు గంటలు చాలవు. దాని రుచి తెలిసేది మూడో గంటలో.

బావమరిదికి బాస్టియన్ చెప్పాను. సరేనని ఫోన్ పెట్టేసి హేడిస్ కొన్నాడు. పది రోజుల తర్వాత మాట్లాడినప్పుడు ఎంతవరకు వచ్చిందంటే, తొమ్మిదిసార్లు గెలిచానని, ఇంకొక్కటే మిగిలిందని చెప్పాడు. గాడ్ మోడ్ ఎంత శాతం దగ్గరుందని అడిగాను. లైను సరిగ్గా వినబడటం లేదన్నాడు.